గలిజేరాకు నివేదిక

ఒక పెద్ద అడవిలో, ఎంత పెద్దదంటే ఈ చివర ఎగిరిన కాకిపిల్ల ఆ చివర వాలేసరికి ముత్తాత అయిపోయేంత అడవిలో, సింహం మహారాజుకి ముసలితనం వచ్చింది. ఆవులిస్తే ఓ పన్ను, తుమ్మితే తట్టెడు జూలు రాలిపోతున్నాయి.

"ఇనుముకి తుప్పు పట్టినట్టే ఒంటికీ పడుతుంది ప్రభూ! దాన్ని ఆపే యాంటీఆక్సిడెంట్లు మన అడవి ఆకుకూరల్లో బోలెడున్నాయి. పరిశోధించాలి" అంది నక్క దక్షిణామూర్తి.

మర్నాటికల్లా పరిశోధనా సంస్థ వెలిసింది. నక్కే డైరెక్టరు.

పనంతా కుందేలు వరాలమ్మది. పొన్నగంటి, గలిజేరు, తుమ్మికూర, చెంచలికూర కొండంత కోసింది. నీడలో ఎండబెట్టింది, నూరింది, ఊదారంగు నీళ్లలో కలిపి రంగు ఎంత విరిగిందో చూసింది; రంగు ఎంత విరిగితే ఆకులో అంత సత్తువన్నమాట. ప్రతి ఆకూ నమిలి రుచి రాసింది. గలిజేరు పడగానే ఊదారంగు భయపడి పారిపోయినట్టు వెలిసిపోయింది!

అలా నాలుగేళ్లు. ఆమె కోరిక ఒక్కటే, నివేదిక మీద తన పేరు.

తీరా అట్ట మీద ఇలా ఉంది: "ఈ ఆకులన్నీ కోసి, నూరి, నాలుగేళ్లు స్వయంగా తిని పరీక్షించినవారు డాక్టర్ దక్షిణామూర్తి." కింద బారెడు సంతకం.

"అయ్యగారూ, మరి నా పేరో?"

"చివరి పేజీలో కృతజ్ఞతల్లో 'తదితరులు' అని వేయించానమ్మా. వాళ్లందరిలోకీ నువ్వే పెద్ద!"

వరాలమ్మ ఏడ్చిన ఏడుపుకి వాగు రెండు మూరలు పొంగింది.

దర్బారులో నివేదిక చదివారు. మహారాజు పిడికెడు గలిజేరు నోట్లో వేసుకుని, ఆముదం తాగిన మొహం పెట్టి తుపుక్కున ఊసేసింది.

"ఈ గడ్డి నావల్ల కాదు. అది సరే డైరెక్టరూ, ఈ ఆకులు తిన్నవాళ్ల ఒంట్లో ఆ సత్తువంతా ఉంటుందా?"

"ఉండకేం ప్రభూ! రక్తంలో, మాంసంలో, ఎముకల మూలుగలో కూడా!" నక్క ఉబ్బితబ్బిబ్బయింది.

"అయితే ఆకు బదులు, ఆకు తిన్నవాళ్లని తిన్నా ఒకటేగా?"

నక్క రెండడుగులు వెనక్కి గెంతింది. "ప్రభూ! నేనొక్క ఆకూ ముట్టలేదు, నా తోక మీద ఒట్టు! కోసిందీ, తిన్నదీ అంతా ఈ వరాలమ్మే!"

సభంతా ఆమె వైపు తిరిగింది. నాలుగేళ్లుగా ఏ మాట కోసం చెవులు నిక్కబొడుచుకుని ఉందో, ఆ మాట వినగానే వరాలమ్మ రెండు చెవులూ వాల్చేసింది.

"ఎంత మాట అయ్యగారూ!" అంది చేతులు జోడించి. "నేను తదితరుల్లోదాన్ని. తమ సంతకం ఉండగా నాకెందుకండీ లేనిపోని ఘనత?"

మహారాజు అట్ట తిప్పి చూసింది. సంతకం ముత్యాలకోవలా ఉంది.

ఆ పూట మహారాజు తేన్చిన తేన్పు పక్క అడవిదాకా వినబడింది. జూలు మాత్రం రాలుతూనే ఉంది. కొత్త డైరెక్టరు తోడేలు ఇక మీదట ప్రతి నివేదిక మీదా వరాలమ్మ పేరే వేస్తానని వెంటపడుతోంది. ఆమె వాగు అవతలికి మకాం మార్చేసింది.

నీతి: మన కష్టం కింద పైవాడు సంతకం పెడుతుంటే, కలం అందివ్వడం ఆరోగ్యానికి చాలా మంచిది.