కనకకేశి కృష్ణవేణి అయిన వృత్తాంతము

వేరుసెనగ పొట్టు గాలికి లేచి వీధివీధినా విహరించు వేళ, బెంగుళూరు దిక్కునుండి బయలుదేరిన మేఘములు పొలిమేర దాకా వచ్చి, ఊరిని ఒక్కసారి పారజూచి, వేరే పని జ్ఞప్తికి వచ్చినట్లు వెనుదిరిగి పోవు శ్రావణమాసమున, నీరు లేకున్నను పేరు నిలుపుకొన్న పెన్నేటికి చేరువగా, చింతపండు, బెల్లము, ఎండుమిరపల వాసనలు ముప్పేటగా అల్లుకొన్న హిందూపురమను పట్టణమున సుచిత్ర యను గృహిణి యొకతె గలదు.

ఆమె ధర్మవరపు మగ్గముల ఇంటి ఆడపడుచు, ఇనుపసామాను అంగడి యజమానుడగు రామమోహనుని ధర్మపత్ని, రసాయనశాస్త్ర పట్టభద్ర, పప్పున ఉప్పు చాలదని నోట పలుకక కనుబొమతో తెలుపగల సమర్థురాలు, తువాలు మడతలో అంచునకు అంచు కలియకున్న మరల విప్పి మడుచు వ్రతనిష్ఠాపరురాలు. ఇట్టి వీరాంగన యశస్సును గానము చేయుటకు వేరెవ్వరును ముందుకు రానందున, ఆ భారమును కూడ ఆమెయే వహించి, తన్ను తానే ‘ఆమె’ యని పిలుచుకొనుచు, ఈ గాథను వినిపించుచున్నది. ఆలకింపుడు.

ఈ గాథ మొదలగు నాటికి ఆ వీరాంగన తలపై నల్లని వెంట్రుకలు లేవు. బంగారు వన్నె వెంట్రుకలు కలవు.

అదెట్లనిన: పెనుకొండలో డిగ్రీ నాటి సహాధ్యాయులందరు కలియుటకు ముహూర్తము నిశ్చయమై, వాట్సాప్ సభామధ్యమున ఒకానొకడు ‘సుచిత్రనా? ఆ యమ్మ యాడ మారుతాదిలే, నిలిచిపోయిన గడియారం మాదిరి’ అని ఒక వాక్యమును విసరెను. ఆ వాక్యము ములుకై గుచ్చుకొనగా, రోషకషాయితలోచన యగుచు ఆ సుచిత్ర అప్పటికప్పుడు బ్యూటీ పార్లరుకు కదలి, కురులలోని నలుపునంతయు ఊడ్పించి, తేనె బంగారు ఛాయను పట్టాభిషిక్తను గావించి, పెనుకొండ బస్సెక్కెను. బస్సులో కండక్టరు ‘కహా జానా మేడమ్?’ అని, ఎక్కడికని, హిందీలో అడిగెను. సభాద్వారమున నిలిచిన సహాధ్యాయుడు శ్రీనివాసులు చేతులు జోడించి, ‘నమస్తే మేడమ్, మీరు ఎవురి తాలూకు?’ అనెను. ఆమె అభిమానధనురాలు గనుక బదులీయక లోనికి నడచి, ఒక కుర్చీలో కూర్చుండి, భోజనము చేసి తిరిగి వచ్చెను.

ఈ పరాభవము పచ్చిగా ఉండగనే ధర్మవరము నుండి ఫోను మ్రోగెను. పలికినది ఆమె అవ్వ, మగ్గాల వీథి మహారాజ్ఞి, రామసుబ్బమ్మ.

‘పాపా, మీయన్న కూతురు సుధ పెండ్లి చీరకు పట్టు అద్దకమైపోయింది. ఆరేసినారు. శుక్రవారం పొద్దున్నే రా. నీ జడ కావల్ల.’

ఇచట ఒక ఆచారమును విన్నవించవలెను. ఆ ఇంట పెండ్లిచీరకు అద్దిన పట్టును మగ్గమెక్కించుటకు ముందు, దాని పోగొకటి తీసి ఇంటి ఆడపడుచు జడపై వీపు పొడవునా జార్చి చూచెదరు. నల్లని జడపై పరచిన పట్టు తన నిజవర్ణమును దాచలేదు; సాఫైన జడపై జారని పోగు మగ్గముపైనను జారదు. పోగు చిక్కినచో అపశకునమని ఆ పట్టును పక్కన పెట్టి, ఆ జడకు కూడ సెలవిచ్చెదరు. పావడా కట్టిన నాటినుండియు ఆ ఇంటి జడ సుచిత్రదే. పుట్టింట ఆమెకు మిగిలిన సింహాసనము అదొక్కటే. దానికి ఆశపడు వీరవనిత యొకతె అదే ఫోనులో, అవ్వ వెనుకనుండి, తేనె పూసిన స్వరమున పలికెను. ఆమె అన్న భార్య కమలాక్షి.

‘రాను కుదరకపోతే చెప్పు సుచిత్రా, ఏం ఇబ్బంది పడాకు. నా జడ ఈడే ఉండాది కదా.’

ఫోను పెట్టిన పిమ్మట సుచిత్ర అద్దము ఎదుట నిలిచి, పిడికిలి బిగించి, దువ్వెనను గదవలె ఎత్తి, ఇట్లు ప్రతిజ్ఞ చేసెను: ‘ఓ సువర్ణకుంతలమా! క్షణికావేశసంభవమా! శుక్రవార సూర్యుడు ఉదయించులోపల నిన్ను మరల చీకటి వన్నెకు మరల్చెదను. మరల్చుటయే కాదు, ఒక్క వెంట్రుక చిట్లకుండ, ఒక్క కొస చీలకుండ మరల్చెదను. లేనిచో ఈ జడయే కాదు, కొప్పు కూడ ముడువను!’

వంటింటినుండి అత్త పార్వతమ్మ పలికెను: ‘అద్దానికెందుకు చెప్తాండావమ్మే, అదేం చేస్తాది? ఆ కుక్కరు జూడు. అది కూడా నీ మాదిరే అరిచి అరిచి సాలించుకొనె.’

కుక్కరు దించి, ఆయుధసేకరణార్థము సుచిత్ర బజారునకు వెడలెను. అంగడివాడు ఆమె శిరోజకాంతికి కనులు చికిలించి, ‘ఏను బేకు మేడమ్?’ అని కన్నడమున అడిగెను.

‘నేను ఈడిదాన్నే కదన్నా. మెయిన్ బజార్లో ఇనుపసామాను రామమోహన్ గారింట్లో.’

‘అయ్యో, మీరా అక్కా! జుట్టు జూసి బెంగుళూరనుకుంటి. నల్ల రంగేనా? అందరూ అడిగేదదే, గట్టి నలుపు.’

ఇచట మన నాయిక తొలి పొరపాటు చేసెను. గట్టి నలుపునే కొనెను.

రెండవ పొరపాటు మరింత ఘనమైనది. మగ్గముల ఇంట పుట్టినవారు తప్ప అన్యులు చేయజాలనిది. పచ్చి పట్టుకు రంగు అంటవలెనన్న ముందు దానిని సబ్బు, సోడా కలిపిన మరిగే నీళ్ళలో ముంచి జిగురు వదలించెదరు. అద్దకమనగా మొదట జిగురు తీయుటయే యని ఆమె రక్తములో నాటుకొని యున్నది. కనుక ఆమె మెడ వెనుక ఒక్క పాయను వేరుచేసి (ఏ రంగైనను మొదట ఒక్క పాయపైననే పరీక్షింపవలెనన్న వివేకమొకటి అదృష్టవశమున మిగిలియున్నది), దానిని వేడి సోడానీళ్ళ గిన్నెలో ముంచి, పిమ్మట దానిపై గట్టి నలుపును ప్రయోగించి, కడిగి, వెలుగులోనికి తెచ్చెను.

పార్వతమ్మ కళ్ళద్దములు సవరించుకొని చూచెను. ఆ పాయ నల్లగా లేదు. ఆకుపచ్చగా ఉన్నది. పట్టుకొనగా గరగరలాడుచున్నది.

‘ఇదేందమ్మే, పాచి పట్టిన కొబ్బరి పీచు మాదిరుండాది.’

‘తెలుస్తాంది అత్తా.’

‘పారేయొద్దు. గిన్నెలు తోమను పనికొస్తాది.’

ఆ వీరాంగన దొడ్డిలో తులసికోట పక్క రాతిపై చతికిలబడి విషాదయోగమును పొందెను. అపుడు, స్వర్గస్థుడైన తండ్రి, చేతుల గోళ్ళలో ఎన్నడును వదలని రంగులతో, కాగులపై వంగి అద్దకము చేయుచు పలికిన మాట ఆమె చెవిని సోకెను: ‘జిగురు తీసిన తెల్ల పట్టు ఆకలిగా ఉంటాది పాపా. దానికి నేరుగా నలుపు చూపిస్తే అలిగి పచ్చబడతాది. ముందు ఎరుపు తాపి మచ్చిక చేసుకో. ఆ పైన నలుపు అదే వస్తాది.’

ఆమె దిగ్గున లేచెను. ఎంతటి మూఢత్వము! పార్లరులో నలుపు ఊడ్చిననాడే తన వెంట్రుకలోని జిగురు, ఎరుపు అన్నియు ఊడిపోయినవి గదా! ఊడిన దానిని మరల సోడాలో ముంచుట ఏమి రసాయనశాస్త్రము? ఈ జుట్టుకు కావలసినది మరిగే నీళ్ళు కాదు, మర్యాద. మొదట ఎరుపు. పిమ్మట గోధుమ, అదియు కోరిన ఛాయకంటె ఒక మెట్టు పలుచన, ఏలయన ఆకలిగొన్న జుట్టు వడ్డించినదానికంటె ఎక్కువే తినును. ఈ రెంటిలోను అమోనియా ఉండరాదు.

ఆమె మరల అంగడికి పోయి గట్టి నలుపును వాపసిచ్చెను. ‘అక్కా, అందరూ నలుపే...’ అని అంగడివాడు మొదలిడెను. ఆమె ఒక కనుబొమను ఎత్తెను. వాడు ఎర్రనిదొకటి, గోధుమవన్నెదొకటి తీసియిచ్చెను.

రాత్రంతయు ఆ కేశములు కొబ్బరినూనెలో శయనించెను. పడునో లేదోయని మోచేతి మడతపై పూసి చూచిన రంగుచుక్కల చోట దురదయనునది లేకయే తెల్లవారెను. గురువారము పొద్దున చల్లని నీట తలకడిగి, నుదుటి అంచునను చెవుల వెనుకను నూనెరేఖలతో కోట కట్టి, చేతులకు తొడుగులను కవచములుగా ధరించి, పాత నైటీయే యుద్ధవస్త్రముగా, దువ్వెన తోకతో పాయపాయను విభజించుచు, కుదుళ్ళనుండి కొసలదాక ఆమె ఎరుపును నడిపించెను. ఏ పాయకును తొందర లేదు. ఏ పాయకును అన్యాయము లేదు. వేయి వెంట్రుకలను వేయి మంది అత్తగార్లుగా భావించి, ఒక్కరును అలుగకుండ అందరిని పలుకరించినట్లు పూసెను.

ఆ ఘట్టమున రామమోహనుడు భోజనమునకై ఇంటికి వచ్చి, ధర్మపత్ని శిరస్సును చూచి, చెప్పులు విప్పుట మరచెను.

‘ఏమే, మిరపకాయల మూట నెత్తిన పడిందా?’

‘ఇది మధ్య దశండీ.’

‘మధ్య దశ ముగిసేదాకా వాకిట్లోకి రావద్దు. ఎదురింట్లో ఎద్దు ఉండాది.’

‘మొన్నటిదాకా బంగారం ఇంట్లోనే ఉందని మురిసినారు కదండీ?’

‘మురిస్తిని. ధర పడిపోయె. అన్నం పెట్టు.’

అన్నము పెట్టి, ఎరుపును కడిగి, తువాలుతో రుద్దక పాత నూలుచీరతో అద్ది, ఆమె గోధుమవన్నెను రెండవ సేనగా నడిపెను. తరువాత కడిగి, కండిషనరు పట్టించి, మరల కడిగి, వేడిగాలి యంత్రమును కన్నెత్తి చూడక, పళ్ళు ఎడముగా గల కొయ్యదువ్వెనతో కొసలనుండి పైకి చిక్కు తీసెను. సాయంకాలపు ఎండలో ఆ జుట్టు నలుపునకు కూతవేటు దూరమున నిలిచిన గాఢ గోధుమ ఛాయతో, లోలోపల ఒక ఎర్రని జీరతో మెరసెను. ఒక్క పాయ తప్ప. సోడా తాగిన ఆ మెడవెనుక పాయ రంగు మారెను గాని, నునుపు రాలేదు. కత్తిరించినచో జడ సన్నబడును; ఉంచినచో పోగు చిక్కును. ఆమె దానిని జడ నడుమ మడతలో దాచి అల్లెను.

శుక్రవారము తొలి బస్సులో కండక్టరు ఆమె ముందు నిలిచి పలికెను: ‘యాడికక్కా? చిల్లర తీ.’

ఆహా! ఆ ఒక్క పిలుపునకు ఆమె హృదయమున దుందుభులు మ్రోగెను. చిల్లర మాత్రము లేదు.

పెనుకొండలో బస్సు ఆగగా శ్రీనివాసులు కిటికీ కడ ప్రత్యక్షమయ్యెను. ‘ఏమ్మా సుచిత్రా! ఆ పొద్దు అందరమొస్తే నువ్వు రాలేదేంది? నీకని పెట్టిన కుర్చీలో ఎవురో బెంగుళూరు మేడమ్ కూర్చోనుండె. రెండుసార్లు పాయసమేయించుకొనె.’

‘ఒంట్లో బాగలేకుండె శ్రీనివాసులూ’ అని ఆమె సత్యమునకు సమీపముగా పలికెను.

ధర్మవరమున, మరమగ్గముల టకటకల నడుమ, ఆ ఇంటి చావడిలో వెదురుకర్రపై పట్టుపిళ్ళు, అనగా అద్ది ఆరేసిన పట్టుపోగుల కట్టలు, వ్రేలాడుచుండెను. అవ్వ చాపపై కూర్చుండెను. కమలాక్షి గుమ్మమున నిలిచి, తన నల్లని జడను భుజముమీదుగా ముందుకు వేసికొని, అవసరమైన సిద్ధమే యన్నట్లు దాని కొసను నిమురుచుండెను. సుచిత్ర అవ్వకు వీపు చూపి కూర్చుండెను.

రామసుబ్బమ్మ పిడినుండి ఒక్క పోగు లాగి, సుచిత్ర మెడకడ ఉంచి, రెండు వ్రేళ్ళతో క్రిందికి నడిపించెను. పోగు జారెను. భుజములు దాటెను. వీపు నడుమకు వచ్చెను.

అచట ఆగెను.

మగ్గములు సైతము ఆ క్షణమున ఊపిరి బిగబట్టినవని సుచిత్రకు తోచెను. నిజమునకు కరెంటు పోయెను. ఆ సోడాపాయ, ఆ పాచి పట్టిన పీచు, ఆమె అహంకారమునకు మిగిలిన ఏకైక సాక్షి, పోగును పట్టుకొని యుండెను.

‘చిక్కిందా అవ్వా?’ కమలాక్షి ఒక అడుగు ముందుకు వేసెను.

అవ్వ పోగును లాగలేదు. వ్రేళ్ళను ఆ పాయపై ఉంచి, పాలు తాగని పసిబిడ్డను జోకొట్టినట్లు, మెల్లగా నిమిరెను. ఒకసారి. మరియొకసారి. పోగు కదలెను, పాయను దాటెను, జడకుచ్చుల దాక జారి అవ్వ ఒడిలో పడెను. తెగలేదు.

‘జారింది’ అనెను అవ్వ. ‘కమలా, నువ్వు రా. జడ మీద పిడి పెట్టి రంగు ఎట్లుండాదో చూసి చెప్పు.’

‘నువ్వు చూడవా అవ్వా?’

‘నాకు రంగులు కనబడక శానా దినాలాయ. వేళ్ళకు తెలిసేది నునుపొకటే.’

సుచిత్ర గిరుక్కున తిరిగెను. ‘అయితే నా జుట్టు ఏ రంగుంటే ఏమి అవ్వా నీకు?’

‘బంగారమైనా నాకొకటేనే. పీచయితే మాత్రం ఒప్పుకోను. ఆ నడిమి పాయకు సోడా తాపినావు కదా?’

సుచిత్ర తల వంచెను. కమలాక్షి ముందుకు వంగి, జడపై పట్టుపిడిని పరచి, తడవుగా చూచెను. ‘ఆరేసినప్పుడు వంకాయ రంగనుకుంటిమి అవ్వా. నల్లదాని మీద పెడితే నేరేడు పండు. బాగుండాది, సుధకు ఒప్పుతాది.’ మరల పరిశీలించి, ‘అది సరే సుచిత్రా, నీ జడ లోపల ఎర్రగా ఉండాదేంది?’

‘అది నాయన అద్దకం వదినా.’

కమలాక్షి తన జడను వెనుకకు వేసికొని, కాఫీ తెచ్చుటకు లోనికి పోయెను. కరెంటు వచ్చెను, మగ్గములు మ్రోగెను.

వినుడు, హిందూపుర పెనుకొండ ధర్మవర నివాసులారా! రాజ్యములు గెలువబడలేదు, కోటలు కూలలేదు, బస్సులో చిల్లర సైతము దొరకలేదు. ఒక గృహిణి తన తలపై తానే చేసికొన్న దండయాత్ర నుండి తానే ప్రాణములతో బయటపడి, ఒక్క పట్టుపోగు తెగకుండ కాపాడుకొన్నది. ఇంతకు మించిన విజయము ఈ శ్రావణమున ఆ ఇంట మరియొకటి సంభవింపలేదు. సంభవించినచో ఆమె చెప్పకుండ ఉండునా?