శౌరయ్య గారి పచ్చ పెట్టె

దుర్గి సంతలో ఎవరో అన్నారని పాపమ్మ మొగుడు ఇంటికొచ్చి చెప్పాడట. పాపమ్మ గోడ మీదుగా పక్కింటి ఇన్నాసమ్మకు చెప్పింది: శౌరయ్య అసెంబ్లీకి నిలబడుతున్నాడు, గెలిస్తే మంత్రి, అదీ పెద్ద శాఖే. తన మొగుడు మంత్రి కాబోతున్న సంగతి ఇన్నాసమ్మకు ఆ విధంగా తెలిసింది. శౌరయ్యకు ఆమె చెబితే తెలిసింది. "సంతలో అనుకుంటున్నారా?" అని రెండుసార్లు అడిగి, అయితే ఇక తప్పదన్నాడు. ప్రజాభిప్రాయాన్ని ఆయన ఏనాడూ తోసిపుచ్చలేదు.

ఆయన ప్రజాసేవ పంచాయతీతో మొదలైంది. అప్పట్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో రంగు పెట్టె. శౌరయ్యది పచ్చ పెట్టె. అవతలివాడు బావులు తవ్విస్తానంటూ ఉపన్యాసాలిస్తుంటే శౌరయ్య ఇంటింటికీ తిరిగి, "పచ్చ పెట్టె, పిన్నీ! కాగితం మడువు, పెట్టెలో ఎయ్యి, నోరు మూసుకొని ఇంటికి పో" అన్నాడు. జనానికి ఇదే అర్థమైంది. ప్రెసిడెంటయ్యాడు. బావి రాలేదు గానీ, ఊరికి ఓటు వేయడం నేర్పినవాడన్న కీర్తి మిగిలింది. ఎవరైనా బావి మాటెత్తితే ఆయన ఆ కీర్తినే గుర్తుచేసేవాడు.

పంచాయతీ సమితులు వచ్చాక, అధ్యక్షుణ్ణి ఎన్నుకునే చుట్టుపక్కల ప్రెసిడెంట్లందరినీ లారీ ఎక్కించి తిరుపతి చూపించాడు. తాను క్రైస్తవుడు గనక కొండ కిందే ఉండి లారీకి కాపలా కాశాడు. తిరిగొచ్చేసరికి సమితి అధ్యక్షుడు. దాంతోపాటు జీపు. ముందు సీట్లో కూర్చున్న మొదటిరోజు, ఇంత గొప్పవాణ్ణి ఇన్నాళ్ళూ తనే గుర్తించలేకపోయానే అని ఆయనకు తనమీదే కాస్త కోపం వచ్చింది.

అరవై రెండులో పార్టీ అసెంబ్లీ టికెట్ ఇవ్వలేదు. ఆదర్శం కోసం సమితికి రాజీనామా ఇచ్చి, జీపు అప్పగించి, నిచ్చెన గుర్తు మీద ఇండిపెండెంటుగా నిలబడ్డాడు. ఓడిపోతే మళ్ళీ ఎద్దులబండే. అది తలచుకున్నప్పుడల్లా ఆయన కంఠం మరింత గంభీరమయ్యేది.

పోలింగు రోజున మొదటి ఓటు ఆయనదే. బల్ల దగ్గర కూర్చున్న యోహాను మాస్టారు లేచి, "ఈసారి పద్ధతి మారిందండీ, ముందు దీంతో..." అని ఏదో అందించబోయాడు.

"మాస్టారూ, ఈ ఊరికి ఓటు నేర్పింది నేను. నాకు మీరు నేర్పుతారా?"

మాస్టారు కూర్చున్నాడు. ఆ తర్వాత ఇంకెవరికీ ఏదీ అందించబోలేదు. శౌరయ్య తెర చాటుకు వెళ్ళొచ్చి, మడిచిన కాగితాన్ని కళ్ళకద్దుకొని పెట్టెలో వేశాడు. వరసలో ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. తమ వంతు వచ్చినప్పుడు వాళ్ళూ కళ్ళకద్దుకునే వేశారు.

సాయంత్రం పోలింగు ఏజెంటు, సైకిల్ షాపు ఖాసిం పరుగెత్తుకొచ్చాడు.

"ఒక్క ఓటు బయటికి పోలా మామా! ఊరు ఊరంతా మన పెట్టెలోనే ఏసింది."

"అవతలోళ్ళ పెట్టెలోనో?"

"వాళ్ళసలు పెట్టే పెట్టుకోలేదు మామా! బయపడి ఊరుకున్నట్టున్నారు."

శౌరయ్య ప్రత్యర్థుల మీద జాలిపడి, పెద్ద పూలదండ ఒకటి పురమాయించాడు.

గురజాలలో లెక్కింపు అధికారి ఆ ఊరి కాగితాలు ఒక్కొక్కటే విప్పి పక్కన పడేశాడు. చెల్లవన్నాడు.

"అన్నీ నా పెట్టెలోయే గదయ్యా!"

"ఇప్పుడు అందరికీ కలిపి ఒకటే పెట్టెనండీ. మీ గుర్తు మీద ముద్ర వేస్తేనే ఓటు. ఇవన్నీ తెల్లకాగితాల కిందే లెక్క."

సొంతూరి ఓట్లు చెల్లి ఉంటే శౌరయ్య గెలిచేవాడు. దండ అవతలివాడి మెడలో పడింది. వాడికి బాగానే నప్పిందని శౌరయ్యే ఒప్పుకున్నాడు.

బస్సు దిగి ఇంటికొచ్చేసరికి వాకిలి నిండా జనం.

"ఏందిరా ఖాసిం, ముద్రెయ్యకుండా పంపిస్తారా?"

"నువ్వు నేర్పినట్టే ఏశాం గదా మామా. మడిచాం, ఏశాం, నోరు మూసుకొని వచ్చాం."

"కాగితానికి మరకంటితే చెల్లదేమోనని నేను చేతులు కడుక్కొని మరీ పట్టుకున్నా, అన్నా" అంది పాపమ్మ.

శౌరయ్యకు ఒళ్ళు మండింది. "థూ! ఇట్టాంటి జనానికి ఓటెందుకు, అసెంబ్లీ ఎందుకు? మడిచేముందు గుర్తు మీద ముద్ర గుద్దాల. ఆ మాత్రం తెలివి ఒక్కరికన్నా ఉండొద్దా?"

గడప మీద కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తున్న ఇన్నాసమ్మ చేట పక్కన పెట్టింది.

"ఏమయ్యా, నువ్వు గుద్దావా?"