రాగి దండెం

కోవూరు పోస్టాఫీసులో టెలిగ్రాంలు కొట్టే చెంచురామయ్యకు ఇంట్లో మాట పొదుపు. పొదుపు చేసిన మాటలన్నీ టెలిగ్రాం 'కట్‌ కడ' చప్పుళ్ల భాషలోకి మార్చి, సైకిలు లైటుకు చాలేంత పవరుతో, లైసెన్సున్న తన రేడియో పెట్టెలోంచి ఆకాశంలోకి పంపేవాడు. మద్రాసు పలికింది. ఆయనకు జపాన్ కావాలి.

జపాన్ కావాలంటే పెరటి పొడుగునా రాగితీగ కట్టాలి. రేడియోకోసమని చెబితే భార్య ఆదిశేషమ్మ ఆ తీగను గడప దాటనివ్వదు. అందుకని, "నీకోసమే తెచ్చినానే. బట్టలారేసుకునే దండెం," అన్నాడు.

పెళ్లయినప్పటినుంచీ ఆయన తనంతట తాను తెచ్చింది అదే మొదలు. ఆదిశేషమ్మ నమ్మి, వీధంతా చెప్పుకుంది. పక్కింటి జయశీల వచ్చి తీగను తడిమి చూసింది.

"మా ఆయన కొబ్బరితాడైనా తేలేదక్కా."

మర్నాటినుంచీ చెంచురామయ్య జపాన్ మీద తడి చీరలు వేలాడాయి.

"సాయంత్రంపూట ఆరేయబాకే."

"ఎందుకని?"

"మంచు పడతాది."

"ఈ ఎండాకాలంలోనా?"

ఒకరోజు ఆయన లోపల రేడియోలో కబురు కొడుతుండగా ఆమె చెయ్యి తీగకు తగిలింది.

"ఏమండీ, దండెం కరిచింది."

"కొత్త రాగి. నాలుగురోజులు అట్టనే ఉంటాది."

ఆమె వేలు నోట్లో పెట్టుకుని సరేనంది. అప్పుడైనా ఆయనకు సిగ్గేయాల్సింది. వేయలేదు.

ఆ ఆదివారం సాయంత్రం జపాన్ పలికింది. ఒసాకా నుంచి ఎవరో ఆయన ఊరడిగాడు. చెంచురామయ్య కుర్చీ ముందుకు లాక్కున్నాడు. కోవూరని కొట్టి చెవులు రిక్కించేసరికి అవతల చప్పుడు లేదు.

పెరట్లోకి ఉరికాడు. వేలికి గుడ్డపీలిక చుట్టుకుని ఆదిశేషమ్మ తడి దుప్పటి ఆరేస్తోంది.

"తియ్యవే. అది దండెం కాదు, నా రేడియో తీగ. జపాన్ పోయింది."

ఆమె దుప్పటి తీసి భుజాన వేసుకుంది.

"అయితే నాకని తెచ్చింది కాదా?"

ఆయన అప్పటికే లోపలికి పరిగెత్తాడు.

జపాన్ మళ్లీ పలికింది. ఇంత తక్కువ పవరుతో ఇంత దూరమా అని మెచ్చుకుంది. ఆ సంబరంలో చెంచురామయ్య వంటింటివైపు కేకేశాడు.

"ఏమే, కాఫీ."

ఇంకోసారి అరిచాడు. లేచి వెళ్లి చూస్తే పొయ్యి చల్లగా ఉంది. పెరటి అవతల ఆదిశేషమ్మ జయశీల గోడమీద దుప్పటి పరుస్తోంది.

"అదేందక్కా, రాగి దండెం పెట్టుకుని మా గోడమీద ఆరేస్తా ఉండావు?"

ఆదిశేషమ్మ తలుపు చాటున నిలబడ్డ మొగుణ్ణి చూసింది. చూసి, దుప్పటి ముడత సరిచేసింది.

"అది కరస్తా ఉంది జయా. కొత్త రాగి కదా, నాలుగురోజులు అట్టనే ఉంటాదంట. మా ఆయన చెప్పినాడు."

చెంచురామయ్యకు ప్రతి అక్షరమూ తేటగా వినిపించింది. జవాబిచ్చే పవరు మాత్రం ఆయన దగ్గర లేకపోయింది.