ఆరేళ్లకు ఒక్క రోజు తక్కువ

"జూన్ ఒకటో తేదీ నాటికి నిండా ఆరేళ్లు నిండని పిల్లలెవరూ ఒకటో తరగతి గడప తొక్కడానికి వీల్లేదు. ఒక్క రోజు తగ్గినా సరే, సాక్షాత్తూ నా మనవడే అయినా సరే, ఇంటికి పంపించేస్తాం!" అని విద్యామంత్రిగారు బల్ల గుద్ది ప్రకటించారు. ఆ గుద్దుకు మైకు కింద పడిందనీ, అయినా ఆయన గొంతు చివరి వరస దాకా వినిపించిందనీ పత్రికలు రాశాయి. ఇరవై ఆరేళ్లుగా బడి గుమాస్తాగా ఉన్న నాకు ఒళ్లు పులకరించింది. చదువు బాగుపడాలంటే ముందు తేదీ బాగుపడాలని ఇన్నాళ్లూ ఎవరికీ తట్టలేదు.

మర్నాడే ఆ నియమానికి పరీక్ష ఎదురైంది. మా బడి ఎదుటి సందులో బట్టలు కుట్టే దర్జీ, కూతుర్ని వెంటబెట్టుకుని నా గదికి వచ్చాడు. పిల్ల పుట్టిన తేదీ చూశాను. జూన్ రెండు.

"ఒక్క రోజు తక్కువయ్యా. వచ్చే ఏడు రా."

"ఒకటో తారీఖునే పుట్టాల్సింది సార్. ఆ రోజు డాక్టరమ్మ సెలవు పెట్టింది. మర్నాడొచ్చి ఆపరేషన్ చేసింది."

"సెలవు మంజూరైందా?"

"అయ్యే ఉంటుంది సార్."

"మరింకేం? అంతా రూలు ప్రకారమే జరిగింది."

"పై పన్ను కూడా ఊడిపోయింది సార్. చూపించమ్మా."

పిల్ల నోరు తెరిచింది. సందు స్పష్టంగానే ఉంది. కానీ పన్ను మీద తేదీ వేసి ఉండదు కదా!

"పోనీ, ఇంకో ఏడాది కేజీలో కూర్చోబెట్టు."

"అక్కడి టీచరమ్మ వద్దంటోంది సార్. బోర్డు మీద తప్పులు దిద్దుతోందట. వాళ్లమ్మ పొద్దున్నే పనికి పోతుంది. ఇది రోజంతా నా మిషను పక్కనే. కత్తెరలు, సూదులు... ఎంతకని కాపలా కాయను?"

దర్జీ అబద్ధమాడడం లేదని వెంటనే రుజువైంది. పిల్ల గోడకంటించిన సర్క్యులర్ ముందు నిలబడి, "నాన్నా, విద్యార్థి అని రాయబోయి 'థ' బదులు 'ధ' పెట్టేశారు" అంది. దాని కింద జిల్లా విద్యాధికారి సంతకం ఉంది. నేను గంభీరంగా దగ్గి, వయసుకు మించిన చదువు ఆరోగ్యానికి మంచిది కాదని హితవు చెప్పి ఇద్దరినీ పంపించేశాను. దర్జీ మెట్ల మీద కాసేపు నిలబడ్డాడు. ఏమనుకున్నాడో, పిల్ల జుట్టు సవరించి, చెయ్యి పట్టుకుని వెళ్లిపోయాడు.

శనివారం మధ్యాహ్నం మంత్రిగారి పీఏ వచ్చారు. ఎప్పుడొచ్చినా ఏదో ఒక సవరణ పట్టుకొస్తారు కనుక మేమంతా ఆయన్ను సవరణగారు అని ముద్దుగా పిలుచుకుంటాం.

"మన చినబాబుని ఒకటో తరగతిలో వేస్తున్నాం. పుట్టింది జూన్ పన్నెండు" అన్నారు.

"అంటే పదకొండు రోజులు తక్కువ..."

"బాబుకు తక్కువేముందయ్యా? తేదీయే తక్కువైంది!"

సాయంత్రానికల్లా గడువు జూన్ పన్నెండుకు జరిగింది. మంత్రిగారి కూతురు, అల్లుడు సభ్యులుగా గల నిపుణుల కమిటీ అహోరాత్రాలు శ్రమించి, జూన్ మొదటి పన్నెండు రోజుల్లో పిల్లల మెదడు విపరీతంగా పెరుగుతుందని కనిపెట్టింది. మనవడి కోసం సైతం రూలును ఉల్లంఘించక, రూలునే మార్చిన మంత్రిగారి నిజాయితీని నేను మనసులోనే మెచ్చుకున్నాను.

దర్జీకి ఆ కబురు ఆదివారం తెలిసింది. సోమవారం పది గంటలకు, పిల్లకు కొత్త గౌను తొడిగి, పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"చేర్చుకోండి సార్! ఇప్పుడు మాకే పది రోజులు ఎక్కువ!"

"అదే వచ్చిన చిక్కు" అన్నాను. తొమ్మిది గంటలకు ఇంకో సవరణ వచ్చింది. పెద్ద పిల్లల మధ్య తన కొడుక్కి ఫస్టు ర్యాంకు ఎలా వస్తుందని కూతురుగారు కన్నీరు పెట్టుకున్నారట. ఆ కన్నీటికి చలించి మంత్రిగారు, పన్నెండో తేదీకి ఆరేళ్ల మీద ఐదు రోజులు దాటినవాళ్లు కూడా అనర్హులేనని తేల్చారు. "మీ అమ్మాయి ఐదు రోజులు పెద్దదైపోయింది."

దర్జీ వేళ్లు మడిచి లెక్కపెట్టుకున్నాడు. "అప్పుడు చిన్నదన్నారు, ఇప్పుడు పెద్దదంటున్నారు. మరి సరిగ్గా ఎప్పుడుంది సార్?"

"శనివారం సాయంత్రం నుంచి ఇవాళ తొమ్మిది దాకా. నువ్వు ఆఫీసు టైములో రాలేదు."

"ఆదివారం మీకు సెలవు కదా సార్!"

"అది నా తప్పా?"

ఆ కొలతకు మా బడి పరిధిలో ముగ్గురు పిల్లలు సరిపోయారు. చినబాబు కాక మిగిలిన ఇద్దరూ కవలలు. ముగ్గురికీ నలుగురు టీచర్లను వేశారు.

తర్వాతి వారం పార్టీ అధ్యక్షులవారు, డెబ్బై దాటినవాళ్లకు ఎన్నికల టికెట్ లేదని ప్రకటించారు. మర్నాడే సవరణగారు కోర్టు కాగితంతో వచ్చారు. మంత్రిగారు మా బడి పూర్వ విద్యార్థి. డెబ్బై మూడేళ్ల వయసు పొరపాటున పడిందనీ, అరవై ఆరుగా దిద్దాలనీ ఆదేశం. పాత రిజిస్టరు దుమ్ము దులిపి, ఎర్ర సిరాతో పుట్టిన సంవత్సరం కొట్టేసి, పక్కన పందొమ్మిది వందల అరవై అని గుండ్రంగా రాశాను.

అప్పుడే దర్జీ, చేర్పించడానికి వచ్చినప్పుడు ఇచ్చిన పిల్ల కాగితాలు వాపసు తీసుకోవడానికి దాన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. నేను వెతుకుతుండగా పిల్ల బల్ల మీదికి వంగి రిజిస్టరు చదివింది.

"నాన్నా, ఈ తాతగారు పుట్టింది అరవైలో. ఒకటో తరగతిలో చేరింది యాభై తొమ్మిదిలో. పుట్టకముందే ఎలా వచ్చారు?"

దర్జీ భయంతో పిల్ల నోరు మూశాడు. సవరణగారు మాత్రం చలించలేదు. పిల్లను ఎగాదిగా చూసి, నన్ను పక్కకు పిలిచారు.

"ఈ పిల్లను ఇవాళే ఒకటో తరగతిలో కూర్చోబెట్టండి. నాలుగు రోజులు క్లాసులో కూర్చుంటే ఇవన్నీ అదే మరిచిపోతుంది."

"మరి వయసు ఎంతని రాయమంటారు సార్?"

"సిరా బుడ్డి మూత తీసే ఉంది కదయ్యా" అన్నారాయన. "ఎంత కావాలంటే అంత రాసుకో."