దార్కా డబ్బాలో ఒక్క నట్టు

శుక్రవారం పొద్దున ఒరెస్ట్ పెట్టుకున్న పని ఒక్కటే: కూతురి మధ్యాహ్నం డబ్బా ఖాళీగా ఇంటికి తిరిగొచ్చేలా చూడటం. నింపడం ఎవరైనా నింపుతారు. కెనడాలోని అల్బర్టాలో ఓ చిన్న ఊళ్లో హార్డ్‌వేర్ కొట్టు నడిపేవాడికి డబ్బాలు నింపడం కొత్తేమీ కాదు. ఖాళీ చేయించడమే కొత్త విద్య.

తొమ్మిదేళ్ల దార్కా నెల కిందట మాంసం మానేసింది. ఊరి పశువుల సంతలో తను ముద్దుచేసి, బటన్ అని పేరు పెట్టిన దూడ ఇప్పుడెలా ఉందని ఒక ఆదివారం భోజనాల దగ్గర అడిగింది. బల్ల చుట్టూ అందరూ తమ పళ్లేల్లోకి చూశారు. ఒరెస్ట్ మాత్రం నమలడంలో పడి, "చాలా మెత్తగా ఉందమ్మా" అన్నాడు. అంతే, ఆ రోజు నుంచి పిల్లది శాకాహారం. ఒరెస్ట్ తల్లికి అది షాకాహారం.

ఉక్రెయిన్ మూలాలున్న ఇలాంటి ఇళ్లలో నాయనమ్మను బాబా అంటారు. ఈ బాబాకు గడ్డం లేదు, మహిమలు మాత్రం ఉన్నాయి. ఎవరి పళ్లెంలో ఎంత మిగిలిందో పక్క గదిలో కూర్చుని చెప్పేస్తుంది.

"పిల్ల చిక్కిపోతోందిరా. ఆకులు తిని బతకడానికి అదేమన్నా కుందేలా?" అంది బాబా.

"క్రిస్మస్ ముందు రాత్రి నువ్వు మాంసం లేకుండా పన్నెండు వంటకాలు చేస్తావు కదమ్మా?"

"అది దేవుడికిరా. ఆయన బడికెళ్లి భాగహారాలు చెయ్యక్కర్లేదు."

ఆ వారం ఒరెస్ట్ భార్యకు ఆసుపత్రిలో పగటి డ్యూటీ పడింది. డబ్బా బాధ్యత ఒరెస్ట్ మీద పడింది. సోమవారం శనగలు రుబ్బిన హమ్మస్ రాసిన రొట్టె పెట్టాడు. అది చూసి పక్క పిల్లలు "హమ్మో" అన్నారట. సిమెంటులా ఉందని ఒకడు, సిమెంటే అయ్యుంటుంది వాళ్ల నాన్నది హార్డ్‌వేర్ కొట్టు కదా అని ఇంకొకడు. డబ్బా వెళ్లినంత బరువుతోనే తిరిగొచ్చింది. తర్వాత బంగాళదుంప కూరి ఉడికించిన పెరోగీ కజ్జికాయలు పంపితే అవి చలికి ఒకదానికొకటి అతుక్కుని ఉమ్మడి కుటుంబమైపోయాయి. విడదీయడానికి పిల్లకు మనసొప్పలేదు. కీరా ముక్కల శాండ్‌విచ్ సంగతి చెప్పుకోకపోవడమే మంచిది, దాన్ని తినడం కాదు, తాగాల్సి వచ్చింది.

బుధవారం సాయంత్రం బాబా తీర్పు చెప్పింది. "శుక్రవారం డబ్బా ఖాళీగా రావాలి. ఏదీ మిగలకూడదు. అలా వస్తే, నీ ఇష్టం వచ్చింది తిను, నేను నోరెత్తను. ఏమన్నా మిగిలిందా, ఆదివారం నా బీఫ్ రోస్టు తినాలి."

"సరే" అంది దార్కా. గురువారం తను తిన్నదెంతో ఎవరికీ చెప్పలేదు గానీ, పడుకునే ముందు తండ్రి చెవిలో, "నాన్నా, రేపు మాత్రం తినేలా చెయ్యవా?" అంది. ఆ మాట ఒరెస్ట్ గుండెలో మేకులా దిగింది. ఏ సైజు మేకో కూడా చెప్పగలడు.

అందుకే శుక్రవారం తెల్లారకముందే లేచి మఫిన్లు చేశాడు. మఫిన్లు కావవి, ఆ వారంలో చేసిన పాపాలకు మాఫీన్లు. దార్కాకు వేరుశనగ వెన్నంటే ప్రాణం. కానీ బడిలో నట్స్ నిషేధం. దార్కా తరగతిలో ఇంగ్రిడ్ అనే పిల్లకు వేరుశనగ తగిలితే గొంతు వాచిపోతుంది. అందుకని ఒరెస్ట్ పొద్దుతిరుగుడు గింజల వెన్న తెచ్చి పిండిలో కలిపాడు. రుచీ వాసనా అచ్చం వేరుశనగే, ప్రమాదం లేదు. పెరోగీల్లా బిగుసుకుపోకూడదని వంటసోడా కాస్త ధారాళంగా వేశాడు. గోధుమరంగులో పొంగిన నాలుగు మఫిన్లు, ఆపిల్ ముక్కలు, జున్ను ముక్కలు డబ్బాలో సర్దాడు. మూత వేయబోతే గొళ్లెం ఊడి చేతికొచ్చింది. పాత రేకు డబ్బా, ఒకప్పుడు తనదే. జేబులోంచి కొత్త నట్టు తీసి, వంటింటి బల్ల మీదే బిగించేశాడు. దార్కా పక్కనే నిలబడి చూసింది. నట్టింట్లో పడిన ఆ నట్టే తనను నట్టేట ముంచుతుందని పాపం ఒరెస్ట్‌కు తెలియదు.

మధ్యాహ్నం కొట్లో ఫోన్ మోగింది. బడి ప్రిన్సిపాల్ మిసెస్ గిల్‌క్రిస్ట్.

"ఒరెస్ట్ గారూ, దార్కా డబ్బా తెరవగానే గదంతా వేరుశనగ వాసనండీ. ఇందులో నట్ ఏమన్నా ఉందా అని అడిగితే, నాన్న పొద్దునే వేశాడంటోంది. నిజమేనా?"

"నిజమేనండీ. ఒక్కటే వేశాను."

"తెలిసే వేశారా?"

"తెలియకుండా ఎలా వేస్తానండీ? పాతది పనికిరాకుండా పోయింది."

"పాతది కూడా ఉందా! ఎన్నాళ్లుగా?"

"నా చిన్నప్పటి నుంచీ. ఇదైతే చిన్నదే, పావంగుళం."

"నేను సైజు అడగలేదండీ! ఎంత చిన్నదైనా ప్రాణం తియ్యడానికి చాలు!"

"మింగితే ప్రమాదమేలెండి, కానీ దార్కా అంత తెలివితక్కువది కాదు."

"మింగక్కర్లేదు మహానుభావా, అంటుకున్నా చాలు!"

"అంటుకోదండీ, కాస్త నూనె కూడా రాశాను."

"నూనె కూడానా!" ఫోన్ పెట్టేసిన చప్పుడు ఒరెస్ట్ చెవిలో గింగిరాలు తిరిగింది. పక్కనున్న డబ్బాలోంచి ఒక నట్టు తీసి వాసన చూశాడు. ఇనుము వాసనే వచ్చింది. అప్పుడు వెలిగింది. కొట్టుకు తాళం కూడా వేయకుండా, పొద్దుతిరుగుడు వెన్న సీసా ఒక చేత్తో, పానా ఒక చేత్తో పట్టుకుని పరుగు తీశాడు.

అతను చేరేసరికి బడి స్వరూపమే మారిపోయింది. తరగతి మొత్తాన్ని ఆటల హాల్లోకి తరలించి చేతులు కడిగిస్తున్నారు. బల్లలు తుడిచారు, తుడిచిన గుడ్డల్ని సంచిలో మూటకట్టారు. ఇంగ్రిడ్ హాయిగా తన రొట్టె తింటోంది, ఆమెకు తప్ప అందరికీ గొంతులు వాచినట్టున్నాయి. రేకు డబ్బాను పొడుగు పట్టకారుతో మోసుకెళ్లి ఆటస్థలంలో మంచు మీద పెట్టి, చుట్టూ నారింజరంగు ట్రాఫిక్ శంకువులు నిలబెట్టారు. గోధుమరంగు కుక్క ఒకటి దూరం నుంచే దాన్ని చూసి మొరుగుతోంది.

ఆఫీసు గదిలో దార్కా కుర్చీలో కాళ్లు ఊపకుండా కూర్చుని ఉంది. పక్కన బాబా. మళ్లీ ఫోన్ చేస్తే ఒరెస్ట్ దొరక్కపోయేసరికి బడివాళ్లు ఆమెను పిలిపించారు. పిల్ల తిండి లాక్కున్నారన్న మాట వినగానే బాబా ఉత్త చేతులతో రాలేదు.

"తినవే తల్లీ. వేడివేడి బీఫ్ శాండ్‌విచ్. నువ్వు ఆకలితో ఉన్నావు, నీ కడుపు అరుపులు నా ట్రక్కు శబ్దాన్ని మించిపోతున్నాయి."

"వద్దు బాబా" అంది దార్కా. కళ్లలో నీళ్లున్నాయి, నోట్లోనూ ఉన్నాయి. "నా డబ్బా ఇంకా ఉంది."

"ఉందిలే, మంచులో సమాధి కట్టారు."

ఒరెస్ట్ పానా పట్టుకుని లోపలికి దూసుకురావడం చూసి మిసెస్ గిల్‌క్రిస్ట్ రెండడుగులు వెనక్కి వేసింది. "మేడమ్, అది తినే నట్టు కాదు, తిప్పే నట్టు!" అన్నాడు ఒగరుస్తూ. డబ్బా తెప్పించి, అందరి ముందూ గొళ్లెం విప్పి, నట్టు చూపించి, మళ్లీ డబ్బాలో పడేశాడు. గదంతా ఊపిరి పీల్చుకుంది.

"మరి ఆ వాసన?"

"పొద్దుతిరుగుడు గింజలండీ. కావాలంటే చూడండి, లోపల వేరుశనగ పలుకు ఒక్కటి కనిపిస్తే నా పేరు మార్చుకుంటాను." ధీమాగా ఒక మఫిన్ తీసి విరిచాడు.

లోపల పచ్చగా ఉంది. ఆకుపచ్చ కాదు, కప్ప పచ్చ. పొద్దున గోధుమరంగులో ఉన్నది పొద్దు తిరిగేసరికి రంగు తిరిగింది. పొద్దుతిరుగుడు తన పేరు నిలబెట్టుకుంది.

మిసెస్ గిల్‌క్రిస్ట్ కెవ్వుమంది. బాబా శిలువ గుర్తు వేసుకుంది. "నేను చెప్పలేదూ? మాంసం మానేస్తే ఇలాగే లోపల నాచు పడుతుంది!"

"పొద్దున ఇలా లేదమ్మా! ఒట్టు!"

మిసెస్ గిల్‌క్రిస్ట్ కళ్లద్దాలు సవరించుకుని ముక్కను దీపం దగ్గర పెట్టి చూసింది. ఆమె ప్రిన్సిపాల్ కాకముందు పదేళ్లు రసాయనశాస్త్రం చెప్పింది. "ఒరెస్ట్ గారూ, వంటసోడా ఎంత వేశారు?"

"మూడు చెంచాలు. పెద్దవి."

"మూడా! పొద్దుతిరుగుడు గింజకు సోడా పడితే చల్లారాక పచ్చబడుతుందండీ. విషమేమీ కాదు, తినొచ్చు." పచ్చి నిజం పచ్చగా బయటపడ్డాక ఆమెకు నవ్వొచ్చింది. అయినా తినమని ఎవరికీ చెప్పలేదు, తనూ తినలేదు. విరిచిన ముక్కలు బల్ల మీద అలాగే పడి ఉన్నాయి. దార్కా వాటివంక చూసింది, తండ్రివంక చూసింది. పచ్చరంగు తిండిని చూసి ఆమె కూడా కుర్చీలో కాస్త వెనక్కి జరిగింది.

బాబాకు ఒక్కటే చేతకాదు: తిండి వృథాగా పడి ఉండటం చూడటం. "ముందు నేను తిని చస్తాను, తర్వాత మీ ఇష్టం" అని విరిగిన మఫిన్ రెండు ముక్కలూ నోట్లో వేసుకుంది. నమిలింది. కళ్లు మూసుకుంది. అందరూ ఆమె పడిపోతుందేమోనని చూశారు.

"చక్కెర తక్కువైంది" అని రెండోది అందుకుంది.

"బాబా! అది నాది!" దార్కా ఒక్క గెంతు వేసి మిగిలిన రెండూ లాక్కుంది. ఒకటి పూర్తయ్యేలోపే ఆఫీసు గది తలుపు సందులోంచి పిల్లల తలలు కనిపించాయి.

"అదేంటి, పచ్చగా? మాకు లేదా?" అన్నాడు సోమవారం సిమెంటని పేరు పెట్టినవాడే.

"పంచుకోవడం నిషేధం" అంది దార్కా నిండు నోటితో, మహారాణిలా. రెండో మఫిన్, ఆపిల్ ముక్కలు, జున్ను కూడా అక్కడే తినేసింది.

సాయంత్రం బల్ల దగ్గర బాబా డబ్బా చేతిలోకి తీసుకుంది. మూత తెరవకుండానే చెవి దగ్గర పెట్టి ఊపింది. గలగలమంది.

ఒరెస్ట్ నాలుక కరుచుకున్నాడు. నట్టు! దార్కా మొహం వాడిపోయింది. ఏదీ మిగలకూడదన్నది మాట. తినేదే మిగలకూడదని ఎవరూ అనలేదు.

బాబా మూత తీసి, నట్టును వేళ్లతో పట్టుకుని వెలుతురులో తిప్పి చూసింది. తర్వాత తన ఏప్రన్ జేబులో వేసుకుంది. "నా పొయ్యి పిడి ఒకటి వదులైంది. దీన్ని తీసుకుంటున్నాను." డబ్బాను బోర్లించి బల్ల మీద తట్టింది. "ఖాళీ. సరే, ఆదివారం నీకు బంగాళదుంప పెరోగీలు. అతుక్కోకుండా ఎలా చెయ్యాలో మీ నాన్నకు కూడా నేర్పిస్తాను."

ఆదివారం భోజనాలయ్యాక ఒరెస్ట్ పానా పట్టుకుని బాబా వంటింట్లోకి వెళ్లాడు. ఆమె పొయ్యి పిడుల్లో దేనికీ నట్టు పట్టే చోటే లేదు.