పదహారు మెట్ల భాగహారం

నిప్పు తరువాత మానవజాతికి దక్కిన గొప్ప వరం పదహారు మెట్ల భాగహారమేనని విద్యాశాఖ సర్క్యులర్ తేల్చి చెప్పింది. (చక్రం సంగతి పరిశీలనలో ఉంది.) భాగించు, హెచ్చించు, తీసివెయ్యి, కిందికి దించు అనే పాత నాలుగు మెట్లతో పిల్లలు మరీ తొందరగా జవాబు చేరుకుంటున్నారట. కొత్త పద్ధతిలో మొదటి మెట్టు సంఖ్యను చూడటం. రెండోది, చూసినట్టు రాయడం. ఏడో మెట్టు దగ్గర పెద్దల సంతకం కావాలి.

నాలుగో తరగతి లెక్కల టీచరు ఆ మెట్లన్నీ గోడకు అంటించి, తనిఖీ రోజున వాటి పక్కనే నిలబడింది. తనిఖీ అధికారి ముందు బెంచీలోని పిల్లను లేపాడు. ఆ పిల్లను అందరూ గువ్వ అంటారు.

"తొంభై ఆరుని నాలుగుతో భాగించు."

"ఇరవై నాలుగండి."

"ఎలా వచ్చింది?"

"మేం నలుగురం అక్కచెల్లెళ్ళమండి. ఇంట్లో ఏదొచ్చినా నేనే పంచాలి. ఒక్కటి తేడా వస్తే జుట్లు పట్టుకుంటారు."

"జుట్లకి మెట్టు లేదమ్మా," అని ఆయన సున్నా వేశాడు.

పక్కనే కూర్చున్న డాక్టరుగారబ్బాయి పదహారు మెట్లూ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, జవాబు ముప్పై ఒకటి అన్నాడు. పదహారుకి పదహారు వచ్చాయి.

టీచరు ఉండబట్టలేక, "నాలుగు ముప్పై ఒకట్లు నూట ఇరవై నాలుగు కదండీ," అంది.

"కావచ్చు మేడమ్. జవాబుకి ఫారంలో గడి లేదు," అన్నాడాయన జాలిగా. "ఈ పాప వారంలో దారికి రాకపోతే ఇదే తరగతిలో ఇంకో ఏడాది."

టీచరు వారమంతా ఆటల పీరియడ్‌లో గువ్వను కూర్చోబెట్టి మెట్లు ఎక్కించింది. ఆ పిల్ల ఒక్క గెంతులో పైకి చేరిపోయేది. టీచరు చెయ్యి పట్టుకుని కిందికి దించేది. ("తెలిసినా తెలియనట్టు రాయి తల్లీ.") బుధవారం గువ్వ ఏడ్చింది. గురువారం ఏడవలేదు. శుక్రవారం పరీక్షలో నిండు మార్కులు తెచ్చుకుంది.

గండం గట్టెక్కిందని ఆ సాయంత్రం గేటు దగ్గర టీచరు గువ్వ తల నిమిరి, సరదాకి అడిగింది. "ఎనిమిదిని రెండుతో భాగిస్తే ఎంత?"

గువ్వ సంచీ దించి, నోటుపుస్తకం తీసి, మార్జిన్ గీసింది.

"ఏ మెట్టు దాకా రాయమంటారు టీచర్?"



నెల తిరక్కుండా టీచరుకి ప్రశంసాపత్రం వచ్చింది: విద్యార్థినిలో జవాబును సమూలంగా నివారించినందుకు.