పెద్దిల్లు కాల్చిన మూడువందల పన్నెండు మంది

ఐర్లండ్ పడమటి దిక్కున క్లూనవాడ్ గ్రామస్థులకు తెలియజేయడమేమనగా, నూరేళ్ల కిందట, ఇంగ్లీషువాళ్ల మీద స్వాతంత్ర్య పోరు నాడు, హార్ట్‌నోల్ దొరగారి పెద్దిల్లు తగలబెట్టిన వీరుల జాబితా ఖరారైంది. మొత్తం మూడువందల పన్నెండు మంది. ఆనాటి ఊరి జనాభా నూట తొంభై. ఈ తేడా పట్టుకుని వేళాకోళం చేయడం దేశద్రోహమని వారసత్వ సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది.

వీరుల్లో ఇద్దరు సన్యాసినులున్నారు. అప్పటికి పదేళ్లుగా బోస్టన్‌లో ట్రాము నడుపుతున్న ఒకాయన ఉన్నాడు. మూడు నెలల పసివాడు కూడా ఒకడున్నాడు. పాలసీసాలో కిరసనాయిలు మోశాడట. అదెలాగని ఒకరిద్దరు నోరు తెరవబోయారు. ఆ పసివాడు సంఘాధ్యక్షులైన వేలంపాటల వ్యాపారి ఫిన్‌బార్ టాల్టీగారి తాతగారని తెలియగానే మూసేశారు.

ఇంత సంబరంలోనూ ఒక్క మనిషికి మాత్రం ముద్ద దిగలేదు. ఆవిడ అసంప్టా లూబీ. అరవై నాలుగేళ్లు, పెళ్లి లేదు, సంఘం సభలన్నిటికీ టీ కాచేది ఆవిడే. పెద్దింట్లో వంట చేసిన హనోరా లూబీ ఆవిడకు నానమ్మ. ఇల్లు కాలిన రోజు పొద్దున దొరగారి ఫలహారానికి హనోరా సాసేజీలు వేయిస్తుంటే పెనంలో కొవ్వు భగ్గుమంది. కొవ్వు నుంచి మసిగుడ్డకు, మసిగుడ్డ నుంచి తెరకు, తెర నుంచి పైకప్పుకు అంటుకుంది. ఊరు ఊరంతా పరిగెత్తుకొచ్చిన మాట నిజమే. పియానో పట్టుకుపోవడానికి వచ్చారు. టాల్టీగారి కోళ్లు ఇప్పటికీ అందులోనే గుడ్లు పెడుతున్నాయి.

దొరగారు హనోరాకు రాసిన ఉత్తరం అసంప్టా దగ్గర పదిలంగా ఉంది. "నా ఇల్లు తగలబెట్టినందున నిన్ను పనిలోనుంచి తీసివేయడమైనది. సాసేజీలు సైతం మాడినవి." ఆ తర్వాత ఆ చుట్టుపక్కల ఏ వంటింటివాళ్లూ హనోరాను గడప తొక్కనివ్వలేదు. రెండేళ్ల కొడుకును చంకనేసుకుని ఊరూరా తిరిగి, చివరికి అనాథల ఆసుపత్రిలో పోయింది. వీరుల పేర్లు చెక్కించే రాతి ఫలకం మీద ఆవిడ పేరు ఒక్క వరుసలో పడాలన్నదే అసంప్టా కోరిక.

"చూడమ్మా అసంప్టా, మూడువందల పన్నెండు మంది చేసిన పని ఒక్క ఆడమనిషి చేసిందంటే లోకం నవ్వదూ?" అన్నారు టాల్టీగారు.

"ఒక్కతే చేసింది కాబట్టే గదయ్యా ఒక్కతే అనుభవించింది! ఆ పాలసీసా పిల్లాణ్ణి కాస్త జరపండి, మా నానమ్మకు చోటు సరిపోతుంది."

"మా తాత జోలికొస్తే బాగుండదు! పోయి టీ సంగతి చూడు."

కాల్చిన ఇంటికి స్మారకం కట్టాలంటే ముందు ఇల్లుండాలి గదా! ప్రభుత్వ సొమ్ముతో పెద్దిల్లు మళ్లీ లేచింది. దొరల కాలంలో పైకప్పు ఎక్కడ కారేదో సరిగ్గా అక్కడే కారేటట్టు డబ్లిన్ నిపుణులు శ్రమించారు. దొరగారి మునిమనవడిని ఇంగ్లండ్ నుంచి పిలిపించారు. ఆయన కారు దిగగానే వీరుల వారసులందరూ టోపీలు తీశారు. అలవాటు రక్తంలో ఉంటుంది, ఎవర్నీ తప్పు పట్టలేం.

ప్రారంభోత్సవం నాడు టాల్టీగారు వంటవాళ్ల తెల్ల టోపీ పెట్టుకుని, వంటగది ఇక ప్రజలదే అని చాటడానికి, పత్రికలవాళ్ల ఎదుట స్వహస్తాలతో సాసేజీలు పెనంలో వేశారు. ఫొటోలు పడ్డాయి. ఉపన్యాసం గుర్తొచ్చి వేదికెక్కారు. పెనం పొయ్యి మీదే ఉంది.

"అధ్యక్షా, పెనం!" అంది అసంప్టా, మొదటి వరుస పక్కన నిలబడి.

"కూర్చోమ్మా, నీ వంతు టీ అప్పుడు. మిత్రులారా, ఆ మహాజ్వాల..."

"అయ్యా, పొగ!"

"అవును, ఆ పొగ! ఆ పొగే మన స్వాతంత్ర్య ధ్వజం!"

అందరూ చప్పట్లు కొట్టారు. ఆవిడ వంటింటి వైపు పరిగెత్తబోతే, సభామర్యాద తెలియదా అని ఇద్దరు కార్యకర్తలు చెయ్యి పట్టి కూర్చోబెట్టారు. నలభై నిమిషాల ఉపన్యాసం ముగిసేసరికి పైకప్పు కూడా ముగిసింది.

విచారణ సంఘం వచ్చింది. ప్రారంభోత్సవానికి కుర్చీలు మూడువందల పన్నెండు వేశారు, ఒక్కటీ ఖాళీ లేదు. అయినా విచారణలో అడిగితే ఆ రోజు అక్కడ ఎవరూ లేరు. ఒకరు పన్ను పీకించుకోవడానికి వెళ్లారు, ఇంకొకరి ఆవు ఈనుతోంది. ఊరి మఠంలోని సన్యాసినులు సైతం ప్రార్థనలో ఉన్నారు. టాల్టీగారికి సాసేజీలంటే ఏమిటో కూడా తెలియదు. పత్రికలవాళ్ల ఫొటోలు ఎందుకో కనిపించలేదు. వంటింటి తాళం చెవి ఎవరి దగ్గరుండేదని అడిగితే, అందరి వేళ్లూ ఒకే వైపు చూపించాయి.

మొండిగోడల ముందు ఇప్పుడు ప్రభుత్వంవారి బోర్డు ఉంది: "ఈ చారిత్రక కట్టడం వంటమనిషి అసంప్టా లూబీ అజాగ్రత్త వలన దగ్ధమైనది." అసంప్టా దాన్ని చదివింది. కళ్లు తుడుచుకుంది, ఆపైన నవ్వొచ్చింది.

"నానమ్మా, నీ పేరు ఎక్కించలేకపోయాను. ఇంటిపేరు మాత్రం ఎక్కింది" అంది.

పాఠక మహాశయులారా, ఆ రోజు మీరూ అక్కడ లేరు, మాకు తెలుసు. ఒక్క నూరేళ్లు ఓపిక పట్టండి. మీరు ఉన్నట్టు మీ మనవలు రాతి మీద చెక్కిస్తారు.